బియ్యం లారీల్లో బొగ్గు

రవాణా పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు సూర్యాపేటలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని రోజేది?" అని అడుగుతారు. ఏదో సమ్మె గురించో, యాక్సిడెంటు గురించో చెప్తానని చూస్తారు. నేను బట్టలుతికిన రోజు గురించి చెప్తాను. నవ్వుతారు. నవ్వుకోండి నాయనా, నేనేం అనను. ఒక సిమెంటు ఫ్యాక్టరీకి తాళం పడకుండా ఉండాలని నేనూ, మా మేనేజరు గారూ, వరసగా నిలిచిపోయిన లారీల డ్రైవర్లూ కలిసి మోకాలి లోతు నీళ్ళలో ఒక ఊరి బట్టలన్నీ ఉతికాం. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

ఎనభైల చివరి మాట ఇది. కోదాడ దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బొగ్గు తెప్పించే సెక్షన్‌కి నేను సూపర్‌వైజర్ని. సిమెంటు ఫ్యాక్టరీకి ప్రాణం కిల్న్. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనుప గొట్టం అనుకోండి. లోపల బొగ్గు మంట. అది రాత్రింబవళ్ళు తిరుగుతూ కాలుతూనే ఉండాలి. చల్లారిందంటే లోపలి ఇటుకలు ఊడిపడతాయి. మళ్ళీ పేర్చి వెలిగించాలంటే నెలలు పడుతుంది. మాది అప్పటికే నష్టాల్లో ఉన్న ఫ్యాక్టరీ. "ఈసారి ఆరితే వెలిగించేది లేదు, తాళమే" అని యజమాని కబురు పంపాడు. చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళ వాళ్ళు ఆ గేటులోంచి లోపలికి వెళ్ళేవాళ్ళో చెప్పలేను. షిఫ్టు మారే వేళ రోడ్డు మీద సైకిళ్ళకు తోవ ఇవ్వడానికి బస్సులు ఆగేవి.

అప్పటిదాకా బొగ్గంతా రైలు వ్యాగన్లలోనే వచ్చేది. స్టేషను దగ్గర దింపుకుని మా టిప్పర్లలో తెచ్చుకునేవాళ్ళం. ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు వ్యాగన్లు రావడం తగ్గి, తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. కరెంటు తయారుచేసేవాళ్ళకు ముందు ఇవ్వాలట, మాలాంటి వాళ్ళకు మిగిలితే ఇస్తారట. మిగలడం లేదు. యార్డులో బొగ్గు గుట్ట రోజురోజుకూ కరిగిపోతోంది. లారీలు మాట్లాడదామంటే, గనుల దాకా ఖాళీగా వెళ్ళి రావాలి కాబట్టి రెండువైపులా కిరాయి అడుగుతున్నారు. ఆ కిరాయి పెట్టి బొగ్గు తెస్తే సిమెంటు బస్తా కొనేవాడుండడు.

మా మేనేజరు గారిది గుంటూరు వైపు. బొగ్గు సెక్షన్‌లో ఉండి కూడా మల్లెపువ్వులాంటి తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా తప్ప వేసుకునేవారు కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. అది దిగిపోవడానికి కూడా ఎంతోసేపు పట్టేది కాదు.

ఒక ఆదివారం నేను సూర్యాపేటలో హైవే పక్క హోటల్లో టీ తాగుతున్నాను. ఎదురుగా ఒక లారీ ఆగి ఉంది. వెనక తలుపు తెరిచి ఉంది, లోపల మడిచిన టార్పాలిన్ మీద డ్రైవరు కాళ్ళు బారజాపుకుని పడుకున్నాడు. నలభై దాటిన మనిషి, మెడలో గళ్ళ రుమాలు. ఊరికే పలకరించాను.

"భాయ్, ఎక్కడికెళ్ళి వస్తున్నవ్?"

"కొత్తగూడెం సార్. బియ్యం దింపిన. ఇగ మిర్యాలగూడకు పోవాలె, మిల్లుకు."

"ఖాళీగనేనా? వాపస్ లోడు దొరకదా?"

"గాడ ఏముంటది సార్, బొగ్గు తప్ప!"

బొగ్గు తప్ప! నా చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. మిర్యాలగూడ మిల్లుల నుంచి గనుల ఊళ్ళకు రోజూ బియ్యం పోతోంది. ఆ లారీలన్నీ ఖాళీగా తిరిగొస్తున్నాయి. వాటిని ఖమ్మం నుంచి ఇటు సూర్యాపేటకు కాకుండా కోదాడ మీదుగా తిప్పుకుంటే చాలు! ఖాళీగా వచ్చేవాడు సగం కిరాయికి కూడా సంతోషంగా ఒప్పుకుంటాడు. టీ అక్కడే వదిలేసి దొరికిన బస్సెక్కి కోదాడ వెళ్ళిపోయాను. ఇంట్లో వాళ్ళు నాకోసం కోడికూర వండి ఎదురుచూస్తున్నారన్న సంగతి హుజూర్‌నగర్ క్రాస్‌రోడ్డు దగ్గర గానీ గుర్తు రాలేదు.

మేనేజరు గారు లుంగీ కట్టుకుని పేపరు చదువుకుంటున్నారు.

"ఏవయ్యా, ఆదివారం పూట కూడా వదలవా నన్ను?" అన్నారు.

చెప్పాను. పేపరు కింద పడిపోయింది. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా ఈ మాట!" అని నా భుజం మీద ఒక్కటి చరిచారు. ఆ దెబ్బ రెండు రోజులు నొప్పి పుట్టింది.

మొదటి లోడుకు ఆ డ్రైవర్ భాయ్‌నే మాట్లాడుకుని అతనితో పాటు నేనూ వెళ్ళాను. బియ్యం దిగాక గనుల దగ్గరికి చేరాం. బొగ్గు ఎత్తబోతుంటే అతను "జర ఆగుండ్రి" అని చెప్పులు విడిచి లారీలోకి ఎక్కాడు. చెక్కల సందుల్లో ఇరుక్కున్న బియ్యపు గింజలన్నీ వేళ్ళతో ఏరి గళ్ళ రుమాలులో మూట కట్టుకున్నాడు. వెనక లైనులో లారీలు హారన్లు కొడుతున్నా తల తిప్పలేదు.

"బియ్యం మీద బొగ్గు వోస్తే నా మనసు ఊకోదు సార్" అన్నాడు దిగుతూ. తర్వాత చేరిన డ్రైవర్లందరూ అదే పద్ధతి పట్టారు.

ఆ లారీ మా గేటులోకి వచ్చినప్పుడు చూడాలి! యార్డులో పనివాళ్ళు ఈలలు వేశారు. ఎవరో కొబ్బరికాయ తెచ్చి చక్రం ముందు కొట్టారు. వారం తిరిగేసరికి పదుల లారీలు తిరగడం మొదలుపెట్టాయి. బొగ్గు గుట్ట పెరగలేదు గానీ తరగడం ఆగింది. ఏ పూటకా పూట తెచ్చి వండుకునే ఇల్లులాగా నడుస్తోంది మా ఫ్యాక్టరీ. నేను మాత్రం రైల్వే వాళ్ళకు పాఠం చెప్పినవాడిలా కాలరెగరేసుకుని తిరిగేవాణ్ణి.

అంతలో మిర్యాలగూడ నుంచి కబురు. రమ్మన్నది ఈ లారీల్లో బియ్యం పంపే పెద్ద మిల్లు సేటు. వెళితే ఒక బస్తా తెచ్చి నా ముందు పడేశాడు. అడుగు భాగమంతా నలుపు. లోపలి బియ్యానికి కూడా పట్టింది.

"నా మిల్లుల తెల్లగ ఎక్కుతున్నయి, గాడ నల్లగ దిగుతున్నయి. కొనేటోడు బియ్యం అనుకోవాల్నా, నువ్వులనుకోవాల్నా? బండ్లు సాఫ్ జేసి తెస్తె లోడిస్త. లేకుంటె వేరే బండ్లు సూసుకుంట" అన్నాడు.

అతని మాటలో తప్పేం లేదు. అందరం కూర్చుని ఆలోచించాం. మా ఫ్యాక్టరీలో బొగ్గు దింపి మిల్లులకు పోయే తోవలో, నేరేడుచర్లకు కొంచెం ఇవతల, సాగర్ కాలువ నుంచి చీలిన పిల్ల కాలువ ఒకటి ఉంది. వంతెన పక్కనే లారీ దిగడానికి వీలైన వాలు. మేనేజరు గారు జీపులో వచ్చి చూసి, "దేవుడు కట్టించిన సర్వీసింగ్ స్టేషనయ్యా ఇది!" అన్నారు. డ్రైవర్లు సై అన్నారు. నేనూ అన్నాను. బొగ్గు ఎక్కడి నుంచి వస్తోంది, బియ్యం ఎక్కడికి పోతోంది అని పగలంతా లెక్కలు కట్టే మాలో ఒక్కరికీ ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయన్న అనుమానం రాలేదు.

ఆ నీళ్ళు నేరుగా చాకిరేవుకు పోతున్నాయి.

తెలిసిన రోజు పొద్దున్నే ఆఫీసు ఫోను మోగింది. అవతల డ్రైవర్ భాయ్, నేరేడుచర్లలో ఏదో ఎరువుల దుకాణం నుంచి.

"సార్, జల్ది రాండ్రి! బండ్లన్నీ ఆపిండ్రు. కడగనిస్తలేరు, కదలనిస్తలేరు. తాళాలు గుంజుకున్నరు!"

జీపులో పరుగెత్తాం. వంతెన దగ్గర మా లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. అందరికంటే ముందు, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, తడి కాళ్ళతో నిలబడి ఉందొక ఆడమనిషి. ఆ ఊరి బట్టలుతికే ఆమె. యాభై ఏళ్ళుంటాయి. ఆమె కొంగున పెద్ద ముడి. అందులో ఉన్నవి మా లారీల తాళాలు. ఆమె వెనక తుమ్మ కంపల మీద పంచెలు, దుప్పట్లు, చొక్కాలు ఆరేసి ఉన్నాయి. అన్నీ పొయ్యి బూడిద రంగులో ఉన్నాయి.

"గీళ్ళల్ల పెద్దసారు ఎవరు?" అంది.

చెప్పేదేముంది, అందరి చూపులూ తెల్ల ప్యాంటు మీదికే పోయాయి. ఆమె మేనేజరు గారిని కిందినుంచి పైదాకా చూసింది.

"నీ బట్టలు మంచిగ మెరుస్తున్నయి సారూ. ఎవరుతికిన్రు?"

వెనక జనం గొల్లున నవ్వారు. మేనేజరు గారి చెవులు ఎర్రబడ్డాయి. "చూడమ్మా, తెలియక జరిగింది. నష్టమెంతో చెప్పు, ఇక్కడే ఇచ్చేస్తాం" అన్నారు.

"పైసలు నేనేం జేసుకోను? రేపు ఊళ్ళె పెండ్లి. మాపటికి ఇంటింటికి బట్టలియ్యాలె. పైసలు గట్టుకొని పోతరా పెండ్లికి?"

"మరి ఏం చెయ్యమంటావు?"

"నల్లగ జేసినోళ్ళే తెల్లగ జెయ్యుండ్రి. గుడ్డలు తెల్లగైతె తాళాలిస్త. కాకుంటె బండ్లు గీడనే ఉంటయి."

మేనేజరు గారు నన్ను పక్కకు లాగారు. ఇద్దరికీ పరిస్థితి తెలుసు. సాయంత్రంలోగా ఈ లారీలు మిర్యాలగూడ చేరకపోతే సేటు బియ్యం వేరే బండ్లకు ఎక్కిస్తాడు. బియ్యం ఎక్కకపోతే మా వాళ్ళు గనులకు పోరు. వాళ్ళు పోకపోతే ఎల్లుండికి బొగ్గు లేదు. ఎల్లుండికి మా యార్డులో మిగిలేది చీపురుతో ఊడ్చుకునే పొడి మాత్రమే. ఆ తర్వాత తాళం.

"పోలీసులకు ఫోన్ చేద్దామా?" అన్నారు.

"సార్, వాళ్ళొచ్చి పంచనామా రాసేలోపల కిల్న్ చల్లారుతది. పైగా ఆమె అన్నదాంట్ల తప్పేముంది?"

ఆయన కాలువ వైపు చూశారు. తన ప్యాంటు వైపు చూసుకున్నారు. గట్టు మీద కూలబడి బూట్లు విప్పి, సాక్సులు మడిచి అందులో పెట్టి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకున్నారు.

"పదవయ్యా, చూస్తావేం!" అన్నారు.

అబ్బ, ఆ దృశ్యం! హెడ్డాఫీసు వాళ్ళను కూడా గడగడలాడించే మనిషి దుప్పటి రెండు చేతులా పట్టుకుని బండ మీద కొడుతున్నారు. సగం దెబ్బలు ఆయన కాళ్ళకే తగులుతున్నాయి. ఆమె ఒడ్డున నడుం మీద చేయి పెట్టుకుని నిలబడి, "గట్ల గాదు సారూ! గుడ్డని కొడుతున్నవా, బండని పలగ్గొడుతున్నవా?" అని అరుస్తోంది. డ్రైవర్లు ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నారు. ఊరి జనం పనులు మానుకుని గట్టు మీద కూర్చుని చూస్తున్నారు. నాకు భయం, నవ్వు రెండూ ఒకేసారి వస్తున్నాయి.

కానీ నలుపు పోలేదు. ఎంత సబ్బు రుద్దినా బూడిద రంగు అట్లాగే ఉంది.

"గట్ల పోదు. బట్టీ పెట్టాలె" అంది ఆమె. బట్టీ అంటే చౌడు మన్ను కలిపిన నీళ్ళలో ముంచిన బట్టలను పెద్ద బానలో పేర్చి, మూత వేసి, కింద మంట పెట్టి ఆవిరికి ఉడికించడం. ఆమె పెనిమిటి మూడు రాళ్ళ మీద బానెక్కించి బట్టలు పేర్చాడు. అంతా బాగానే ఉంది, మంటే లేదు. రాత్రి కురిసిన వానకు కట్టెలన్నీ నానిపోయాయి. అగ్గిపుల్లలు అయిపోతున్నాయి గానీ పొగ తప్ప ఏమీ రావడం లేదు. అందరం వంతులవారీగా ఊదాం. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. పొద్దు నడినెత్తి దాటింది. ఆమె గొంతులో అంతకుముందున్న జోరు తగ్గింది.

"మాపటికి బట్టలియ్యకుంటె ఊరోళ్ళు ఇంకొకళ్ళను పెట్టుకుంటరు" అంది పెనిమిటితో, మాకు వినపడకూడదని అనుకుంటూ. మాకు వినపడింది. మేనేజరు గారు గడియారం చూసుకోవడం మానేశారు.

అప్పుడు డ్రైవర్ భాయ్ పొయ్యి దగ్గర నుంచి లేచి తన లారీ ఎక్కాడు. ఆ రోజు ఇంకా ఏ బండీ కడగలేదు కదా! మూలల్లో, చెక్కల సందుల్లో బొగ్గు ముక్కలు బోలెడు. ఒక రేకు డబ్బా నిండా గీకి తెచ్చి పొయ్యిలో పోశాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత అంచున ఎర్రగా ఒక చుక్క కనిపించింది. అది పక్క ముక్కకు అంటుకుంది. చూస్తుండగానే బాన కింద నీలం, ఎరుపు కలిసిన మంట బుసకొడుతూ లేచింది!

"అబ్బో, గిదేం మంట!" అని ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

అది మా కిల్న్‌లో మంటే! "ఇంకా తేండ్రి!" అని అరిచాను. డ్రైవర్లందరూ లారీల మీదికి ఎగబాకారు. చీపుర్లు, తట్టలు, రేకు ముక్కలు, ఏది దొరికితే దానితో ఊడ్చారు. మేనేజరు గారు కింద నిలబడి తట్టలు అందుకున్నారు. తెల్ల చొక్కా ఏ రంగులోకి వచ్చిందో నేను చెప్పను. రాత్రంతా పట్టాల్సిన బట్టీ మధ్యాహ్నం తిరిగేసరికి కుతకుతలాడింది. మొదటి పంచె తీసి కాలువలో జాడించి ఆమె పైకెత్తి చూపించింది. తెల్లగా ఉంది! గట్టు మీద ఊరంతా చప్పట్లు కొట్టింది. మేనేజరు గారు ఆ పంచెను చూసి, తానే పరీక్ష పాసైనంత సంతోషంతో నన్ను కావలించుకున్నారు. ఆయన మసంతా నాకంటింది.

బట్టలు ఒకవైపు ఆరుతుండగా ఆమె వచ్చి లారీ వెనక తలుపు పట్టుకుని లోపలికి తొంగిచూసింది. పక్కన ఊడ్చిన బొగ్గు కుప్ప.

"గింత బొగ్గు కాల్వల కలుపుతున్నరా మీరు? నాకు పారేస్తె ఏం బోయింది?"

మేనేజరు గారూ నేనూ ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఊడ్చిన చోట లారీ చెక్కలు ఇంచుమించు శుభ్రంగానే ఉన్నాయి. మిగిలిన మరకకు మిల్లు దగ్గర ఊకతో రుద్దితే సరిపోతుందన్నాడు డ్రైవర్ భాయ్. మిర్యాలగూడలో ఊకకేం కరువు, ఏ మిల్లు వెనక చూసినా గుట్టలే. నీళ్ళతో పనే లేదు! అక్కడే గట్టు మీద ఒప్పందం కుదిరింది. ప్రతి లారీ వంతెన దగ్గర ఆగుతుంది, ఆమె, ఆమె పెనిమిటి పొడిగా ఊడ్చుకుంటారు, ఊడ్చిన బొగ్గు వాళ్ళ బట్టీకి. కాలువలో ఒక్క చుక్క నలుపు కలిసినా మళ్ళీ తాళాలు ఆమె కొంగుకే.

"సరేనా సారూ?" అంది.

"సరేనమ్మా. ఇక తాళాలిస్తావా?" అన్నారాయన, చిన్నపిల్లాడిలా చెయ్యి చాపి.

ఆమె ముడి విప్పింది. ఒక్కొక్క తాళం ఎవరిదో అడిగి మరీ ఇచ్చింది. లారీలు ఒకటి తర్వాత ఒకటి స్టార్టయ్యాయి. మేనేజరు గారు బూట్లు చేత్తో పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి, "పోనీ, పోనీ!" అని ట్రాఫిక్ పోలీసులా చేతులూపారు.

నేను మొదటి లారీలోనే కూర్చున్నాను. మిల్లుకు చేరేసరికి వాకిట్లో వేరే బండ్లు వచ్చి నిలబడి ఉన్నాయి. సేటు మా వాళ్ళు ఊకతో రుద్దేదాకా ఆగి, లారీ ఎక్కి చెక్క మీద అరచేత్తో రాశాడు. చెయ్యి తిప్పి వెలుతురులో చూసుకున్నాడు.

"ఎక్కియ్యుండ్రి" అన్నాడు హమాలీలతో.

నేను మిల్లు గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

మూడో రోజు పొద్దున ఫ్యాక్టరీలో కిల్న్‌ను నెమ్మదిగా తిప్పుతూ, యార్డు మూలల్లో ఊడ్చిన పొడి పోస్తున్నారు. పనివాళ్ళందరూ గేటు వైపే చూస్తున్నారు. హారన్ వినపడింది. ముందు డ్రైవర్ భాయ్ లారీ, దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి! షిఫ్టు అయిపోయినవాళ్ళు కూడా ఇంటికి పోకుండా పారలు పట్టుకుని పరుగెత్తారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. చూసినవాళ్ళతో బొగ్గు పొడి పడిందని చెప్పాను.

వానాకాలమంతా అలా గడిపేశాం. తర్వాత వ్యాగన్లు మళ్ళీ రావడం మొదలైంది. యార్డు నిండింది. లారీలు ఆపేయమని హెడ్డాఫీసు ఉత్తర్వు పంపింది, మేమూ ఆపేశాం. అందరికీ పండగలాగే ఉంది.

కొన్నాళ్ళకు మేనేజరు గారి గదిలో ఉన్నాను. వాచ్‌మన్ వచ్చి, ఎవరో ఆడమనిషి మేనేజరు గారిని కలవాలని గేటు దగ్గర పట్టుబడుతోందన్నాడు. ఆమే. తయారై, శుభ్రమైన చీర కట్టుకుని, బస్సెక్కి వచ్చింది. మేనేజరు గారు లేచి కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

"బండ్లు బందయినయేంది సారూ?"

"అవునమ్మా! మాకు రైలు మళ్ళీ వచ్చేసింది" అన్నారాయన ఉత్సాహంగా.

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "రైలు మా కాల్వ గట్టుకు వస్తదా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

మేనేజరు గారు ఆమెకు టీ ఇప్పించి, జీపులో నేరేడుచర్ల దాకా పంపించారు. గదిలోకి తిరిగొచ్చి నాతో, "కొన్ని బండ్లు నడవనియ్యవయ్యా. హెడ్డాఫీసు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

నడిపించాం. తొంభైల్లోకి వచ్చాక వ్యాగన్లు మళ్ళీ ఆగాయి. ఈసారి చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్ళు లారీల కోసం సూర్యాపేట నుంచి ఖమ్మం దాకా వెతుక్కున్నారు. మా బండ్లు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. ఆ కొన్నిటి వెనక మిగతావి కూడా వారంలో వచ్చి చేరాయి. మా కిల్న్ ఒక్క పూట కూడా తడబడలేదు. హెడ్డాఫీసు నుంచి పెద్దాయన ఒకాయన పనిగట్టుకుని వచ్చి, మేనేజరు గారితో అందరి ముందు చేయి కలిపారు.

"ఇంత ముందుచూపు ఎలా వచ్చిందండీ? రైలు రోజూ వస్తుంటే లారీలెందుకు నడిపించారు?" అని అడిగారు.

మేనేజరు గారు తన తెల్ల చొక్కా చేతులు సరిచేసుకున్నారు.

"రైలు రాని ఖాతాదారు ఒకావిడ ఉన్నారండీ, నేరేడుచర్ల దగ్గర" అన్నారు.